మజిలీలు లేని యాత్ర

మన పాఠశాలలో చదువు ముగించి రాజమహేంద్రవరము, కాకినాడ కళాశాలలకు బోయిన పూర్వవిద్యార్థులు సెలవులకు వచ్చినప్పుడెల్ల వారిలో నొక వాదము రేగుచున్నది. స్కైరిమ్ గొప్పదా, స్టార్‌ఫీల్డ్ గొప్పదా? దాపున నిలిచి వినుచున్న తలిదండ్రులకు ఈ రెండు పేరులును క్రొత్త పురుగుమందుల పేరులవలె వినబడవచ్చును. చిన్న తరగతుల బాలురు మాత్రము నోరు తెఱచి వినుచున్నారు. ఈ వాదమును పెద్దలు నవ్వి త్రోసివేయుట నాకు సమ్మతము కాదు. మంచి కథ యెట్లుండవలెను, ఒక లోకమును కల్పించుట యనగా నేమి యను పాత ప్రశ్నయే వేఱొక వేషమున నిచ్చట చర్చింపబడుచున్నది. కావున ఉపాధ్యాయులకును ఇందు పాలు కలదు.

నేను రెండాటలను చాలకాలము ఆడి చూచితిని. నా మతము పాతదానికే అనుకూలము. అయితే పాతది బంగారమనియు, క్రొత్తది రాగి యనియు చెప్పువారి కూటమిలో నేను లేను. రాక్షసుల కథ రాకెట్టు కథకంటె సహజముగనే మేలైనదనియు నేననను. నా కారణము వేఱు. ఒకదానిలో త్రోవ కలదు. రెండవదానిలో త్రోవ లేదు.

తెలియనివారికై కొంచెము వివరించెదను. ఈ యాటలలో ఆడువాడు చదరంగములోవలె పైనుండి పావులను జరుపడు. తానే యొక పాత్రను ధరించి కంప్యూటరు తెరలోని దేశమున సంచరించును. ఎవరితో మాటలాడవలెనో, ఏ పని యొప్పుకొనవలెనో, ఏ దిక్కునకు బోవలెనో తానే నిశ్చయించుకొనును. రెంటిని నిర్మించినది అమెరికాదేశములో మేరీలాండు రాష్ట్రమందలి రాక్‌విల్ పట్టణపు బెథెస్డా గేమ్ స్టూడియోస్ అను సంస్థ. రెంటికిని టాడ్ హోవర్డ్ అనునతడే నిర్దేశకుడు. స్కైరిమ్ 2011 నవంబరు 11వ తేదీన వెలువడినది. మంచుకొండల దేశమొకటి, అందు మరల మేల్కొన్న ఘటసర్పములు, మంత్రములు, కత్తులు, ప్రాచీన సమాధులు: ఇది దాని సామగ్రి. స్టార్‌ఫీల్డ్ 2023 సెప్టెంబరు 6వ తేదీన వెలువడినది. అందలి కథాకాలము 2330వ సంవత్సరము. భూమి నివాసయోగ్యము గాక పాడుపడగా మానవులు అన్య నక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములపై కాపురములు పెట్టియుందురు. రెంటియందును రక్తపాతము కలదు గనుక పదునేడేండ్లు నిండినవారికే ఇవి తగునని అమెరికాలోని శ్రేణీనిర్ణయ సంఘమువారు ముద్రవేసినారు. నేను వ్రాసినది చూపి ఏడవ తరగతి బాలుడు తండ్రిని పీడింపరాదు.

కథకును త్రోవకును గల చుట్టరికము మన గోదావరి సీమవారికి బోధింప నక్కఱలేదు. రాజమహేంద్రవరమున నివసించిన మధిర సుబ్బన్న దీక్షితులుగారు (1868-1928) కాశీమజిలీ కథలను పన్నెండు భాగములుగా రచించిరి. మణిసిద్ధుడను యతి కాశికి బోవ దలచును. తోడు వచ్చుటకు ఒక గొల్ల పిల్లవాడు ఒప్పుకొనును. కాని వాని షరతు ఒకటి. మజిలీ మజిలీకి తాను చూచిన వింతనుగూర్చి యడిగినప్పుడు గురువు దాని కథ చెప్పితీరవలెను. ఇందలి చమత్కారమును గమనింపుడు. కథ ముందు పుట్టి పిల్లవానికి వినిపింపబడుట లేదు. వాడు ఊరిలో తిరిగి ఒక వింతను చూచుటచేతనే ప్రశ్న పుట్టుచున్నది, ప్రశ్న పుట్టుటచేతనే కథ వచ్చుచున్నది. వాడు నడువనిచో కథయే లేదు. గోదావరిపై రైలు వంతెన 1900లో తెఱవబడినది. అనగా దీక్షితులుగారి జీవితకాలముననే కాలినడకన కాశికి బోవు కాలము గతించుచుండెను. పుస్తకమైనను మజిలీలను నిలుపుకొనెను. మన క్రైస్తవ గృహములలో పెద్దలు చదివిన యాత్రికుని ప్రయాణము సంగతియు నిట్టిదే. జాన్ బన్యను 1678లో ప్రకటించిన ఆ గ్రంథములో బురదగుంట, ఇరుకు ద్వారము, కష్టమను కొండ, ఇవన్నియు వరుసగా కాలిక్రింద తగులవలసినవే. ఒకదానిని దాటక రెండవదానికి బోవ వీలులేదు.

స్కైరిమ్‌ను నిర్మించినవారు ఈ గ్రంథములను చదివిరని నేను చెప్పుట లేదు. ఆ రహస్యము మాత్రము వారికి తెలియును. ఆట మొదటి ఘడియలలోనే రివర్‌వుడ్ అను చిన్న పల్లె తగులును. ఏటి యొడ్డున ఱంపపు మిల్లు, ఒక కమ్మరి కొలిమి, ఒక అంగడి, నాలుగైదు ఇండ్లు. అంగడిలో అన్నాచెల్లెండ్రు తగవులాడుచుందురు. వారి బంగారు గోరు, అనగా మృగపు పంజా ఆకారముగల బొమ్మ, దొంగిలింపబడినది. వెదకి తెచ్చెదనని మీరొప్పుకొన్నచో చెల్లెలు మీతో ఊరి చివరి వంతెనవఱకు నడిచి వచ్చి, ఏటి కావలి కొండను చూపును. తలయెత్తి చూడగా మంచులో పాడుపడిన ఱాతి కట్టడము! మీరు ఊరిలోనికి వచ్చునప్పుడే దానిని చూచి అదియేమో యనుకొనియుందురు. ఇప్పుడు కాలిబాటను బట్టి యెక్కుచు పోగా నడుమ దొంగలు కాపురమున్న బురుజు, పైన శిథిలములు, లోపల సమాధి. సాలెగూటిలో చిక్కుకొన్న దొంగవద్ద ఆ గోరు దొరకును. సమాధి కొసను మూడు ఱాతి వలయములుగల తలుపొకటి అడ్డగించును. దానిని తెఱచు విధమెవ్వరును చెప్పరు. చేతిలోని గోరును త్రిప్పి చూచినచో అఱచేతి భాగమున మూడు బొమ్మలు చెక్కబడియుండును. వలయములను ఆ బొమ్మల వరుసకు త్రిప్పినచో తలుపు తెఱచుకొనును. అంగడివాడు అలంకారమనుకొన్నది తాళపుచెవి యాయెను! పల్లెలో పుట్టిన ప్రశ్నకు కొండమీద జవాబు, నడుమ నడక. ఇది మజిలీ కాక మఱేమి?

మఱియొకటి చెప్పక యుండలేను. ఆ దేశమున నెల్ల ఎత్తైన కొండమీద మౌనవ్రతులైన వృద్ధుల మఠము కలదు. దానికి ఏడువేల మెట్లని ప్రసిద్ధి. (లెక్కించినవారు వేయి కూడ లేవందురు. పుణ్యస్థలముల లెక్కలు ఎచ్చటనైన నింతే గాబోలు.) కొండక్రింది ఐవార్‌స్టెడ్ అను పల్లెలో నొకడు, ఎండుచేపలు మొదలగు తినుబండారముల సంచిని మఠమునకు చేర్చువాడు, కాళ్లు సాగక బాధపడుచుండును. మీరెట్లును పైకి బోవుచున్నారుగదా, ఈ సంచి కొనిపోదురా యని యడుగును. మీరు ఘటసర్పముల రహస్యము తెలిసికొను మహాకార్యమునకై బయలుదేరియుందురు. భుజమున ఎండుచేపల సంచి! దారిలో అక్కడక్కడ చెక్కిన ఱాతిపలకలు, వాటియెదుట ధ్యానించు యాత్రికులు, తోడేళ్లు, మంచుగాలి. పైకి చేరి మఠపు ముంగిటనున్న పెట్టెలో సంచిని వేయుదురు. ఆటకర్తలకు ఆ సంచి అవసరము లేదు, ప్రధానకథ కది తగిలించినదియు గాదు. కాని మఠములోనివారు కూడ భోజనము చేయుదురని యెవడో యొకడు ఆలోచించినాడు. దేశమనగా నదియే.

ఈ దేశపు విస్తీర్ణమంతయు సుమారు 37 చదరపు కిలోమీటర్లని లెక్కగట్టినారు. అనగా ఆఱు కిలోమీటర్ల పొడవు, ఆఱు కిలోమీటర్ల వెడల్పుగల చేలగట్లలో ఇముడును. నడువకుండ ఒకచోటినుండి వేఱొకచోటికి క్షణములో బోవు సదుపాయము అందును కలదు, దాచవలసిన పని లేదు. కాని ఒక్కసారి కాలినడకను చేరిన చోటికి మాత్రమే ఆ యుపాయము పనిచేయును. లేదా రూకలిచ్చి నగరద్వారముకడ గుఱ్ఱపుబండి యెక్కవలెను. మొదటిసారి పోవుట యనునది ప్రతి స్థలమునకును దక్కవలసిన మర్యాదయని వారు భావించిరి.

ఇక స్టార్‌ఫీల్డ్. దీని ప్రకటనలలో అంకెలే ముందు నడచినవి. వేయికి మించిన గ్రహములు, నూఱుకు మించిన నక్షత్రకుటుంబములు. పాత్రల సంభాషణలు రెండున్నర లక్షల వాక్యములకు పైబడినవని సంస్థవారు తెలిపిరి. స్కైరిమ్‌నకు అఱువదివేల ప్రాంతము. కావున క్రొత్తదానిలో శ్రమ తక్కువయని యెవ్వరును అనజాలరు. అయినను ప్రయాణమెట్లు సాగునో చూడుడు. ఒక గ్రహమునుండి వేఱొక నక్షత్రమునకు బోవలెనన్నచో పటము తెఱచి, నక్షత్రమును ఎన్నుకొని, మీట నొక్కవలెను. ఓడ దుముకును. తెర నల్లబడును. చేరితిరి. గ్రహముమీద దిగవలెనన్నచో మరల పటము, మరల మీట, ఓడ దిగుచున్న బొమ్మ, మరల నల్లతెర. ఓడను మీరే నడిపి మేఘములలోనుండి నేలకు దింపుట యను ముచ్చట లేదు. ఆకాశమున శత్రువుల ఓడలతో పోరాడవచ్చును, మాటలాడవచ్చును. కాని రెండు స్థలముల నడుమ నున్నదేమియు లేదు. ఊళ్లున్నవి, త్రోవ లేదు.

దిగిన పిదప నేమున్నది? వేయి గ్రహములను చేతితో తీర్చుట మానవసాధ్యము కాదు. అందుచే నేలయొక్క తునుకలను గుట్టలుగ, లోయలుగ ముందు తయారుచేసి, ఒక సూత్రమును బట్టి యంత్రమే వాటిని అతికి గోళమునకు చుట్టును. మీరు దిగినచోటి చుట్టు కొన్ని కట్టడములను అదే సూత్రమున వెదచల్లును. పాడుపడిన గని, పాడుపడిన శీతల ప్రయోగశాల, దొంగల స్థావరము. కట్టడములు మాత్రము చేతితో చక్కగా తీర్చినవే. అయితే వాటి సంఖ్య స్వల్పము, గ్రహముల సంఖ్య అనల్పము. కావున ఒక నక్షత్రమునొద్ద మీరు చూచిన శీతల ప్రయోగశాలయే మఱియొక నక్షత్రమునొద్ద మరల తగులును. అదే గది, అదే మూల, చచ్చినవాడు అచ్చటనే పడియుండును, అతడు వ్రాసిపెట్టిన చీటియు నదియే! మొదటిసారి ఆ చీటి చదివి జాలిపడితిమి. మూడవసారి ఆ జాలి యేమగును?

కడియపులంక నర్సరీలలో పనిచేయువారి బిడ్డలు మన తరగతులలో ననేకులు. ఈ భేదము వారికి నాకంటె బాగుగ తెలియును. అంటు గట్టినవాడు ఏ మొక్క ఏ దినమున చిగిర్చినది, ఏది వానకు కుళ్లి మరల పట్టుకొన్నది చెప్పగలడు. అంగడిలో ప్లాస్టికు పూలు వేయింటిని కొన్నవానిని అడుగుడు. వానికి చెప్పవలసిన దేమున్నది? ధర తప్ప.

ఈ యాక్షేపణకు సంస్థవారు సమాధానమొకటి చెప్పిరి. ఆకాశము విశాలము గనుక గ్రహములు శూన్యముగ నుండుటయే న్యాయమనియు, మనుష్యుడు తన అల్పత్వమును గుర్తింపవలెననియు, చంద్రునిపై దిగినవారికి అచ్చట నేమియు కనబడకపోయినను వారు విసిగికొనలేదుగదా యనియు దాని భావము. వినుటకు ఇంపైన సమాధానమే. అయితే వారు విసిగికొనకుండుటకు కారణమేమి? 1969 జూలై 16న బయలుదేరి, ఇరుకైన గదిలో మరణమును ప్రక్కన నుంచుకొని ప్రయాణించి, 20వ తేదీన దిగిరి. వెలుపల నడిచినది రెండున్నర గంటలు. నాలుగుదినముల త్రోవ ఆ రెండున్నర గంటలలో నిండియున్నది. ఆ త్రోవను కత్తిరించి, మీట నొక్కి చేరినవానికి చంద్రుడు ఉత్త బూడిదనేల కాక మఱేమగును?

మన శ్రీహరికోట నుండి చంద్రయాన్-3 బయలుదేరినది 2023 జూలై 14. చంద్రునిపై దిగినది ఆగస్టు 23. స్టార్‌ఫీల్డ్ వెలువడుటకు సరిగా రెండు వారముల ముందు. ఆ నలువది దినములలో ఆ నౌక ఏమి చేసెను? మొదట భూమి చుట్టు తిరుగుచు, చుట్టుచుట్టునకు కక్ష్యను పెంచుకొనెను. ఆగస్టు 1న చంద్రుని దారి పట్టెను. 5న చంద్రకక్ష్యలో ప్రవేశించెను. పిమ్మట కక్ష్యను తగ్గించుకొనుచు, 17న దిగవలసిన భాగము వేఱుపడెను. ఒక్కొక్క మజిలీకడ దేశమంతయు పత్రికలలో చదివెను, బాలురు నల్లబల్లపై కక్ష్యలు గీచిరి. ఆగస్టు 23 సాయంకాలము అందఱును తెరలయెదుట ఊపిరి బిగబట్టి కూర్చుండుటకు కారణము ఆ మజిలీలే. ఆకాశమునకు త్రోవ లేదని యెవరనగలరు? నిజమైన ఆకాశము స్కైరిమ్‌నకే దగ్గఱి చుట్టము. ఆటలోని ఆకాశమే వేఱుజాతి.

అట్లని క్రొత్తదానిలో మంచి లేదనుట అన్యాయము. కథలో నొకచోట మనము పాడుపడిన భూమికి తిరిగి వత్తుము. ఇసుక తప్ప నేమియులేని ఆ నేలపై, ఒకప్పుడు మానవుడు చంద్రునికి బయలుదేరిన ప్రయోగకేంద్రపు గోపురము ఒంటిగ నిలిచియుండును. దానిలోనికి దిగి, భూమికి ఈ దుర్గతి యెట్లు పట్టెనో పాత వ్రాతలవలన ఒక్కొక్కటిగ తెలిసికొందుము. ఆ ఘట్టమున నాకు నోట మాట రాలేదు. అది సూత్రము చల్లినది కాదు; ఒక్కచోటనే యున్నది, మఱెచ్చటను లేదు. ఓడలోని సహచరులలో సామ్ కో అనువానికి కోరా యను కూతురు కలదు. ఆ పిల్లకు పుస్తకములన్న ప్రాణము. మనము ఏ గ్రహమునందైన పుస్తకము దొరికిన తెచ్చి యియ్యవచ్చును. ఉపాధ్యాయునకు ఇంతకంటె నేమి కావలెను? నేనైతే దొంగల స్థావరములలో తుపాకులు విడిచి పుస్తకములు ఏఱుకొంటిని.

పాతదానిలో దోషములు లేవా? ఉన్నవి. సమాధులు అనేకము ఒకదానిపోలిక నొకటి యుండును. ఊరూర కావలి భటులందఱును, తాము పూర్వము సాహసికులమనియు మోకాలికి బాణము తగిలి మానితిమనియు ఒకే పాట పాడుదురు. అంతమందికి మోకాలికే యెట్లు తగిలెనో! అయినను ఆ దోషములను చెప్పుకొని నవ్వుకొనుచు జనులు నేటికిని ఆ దేశమునకు మరల మరల బోవుచున్నారు. 2023 నాటికి ప్రతులు ఆఱు కోట్లకు మించి అమ్ముడుపోయెనని హోవర్డే చెప్పెను. స్టార్‌ఫీల్డ్ విషయమున 2023 డిసెంబరులో, స్టీమ్ అను అంతర్జాల విక్రయశాలయందు అప్పటి క్రొత్త అభిప్రాయములలో అధికభాగము ప్రతికూలములుగ నుండెను. శూన్యమైన నేలపై నడక విసుగని పలువురు మొఱపెట్టగా 2024 ఆగస్టులో నాలుగు చక్రముల బండి నొకదానిని చేర్చిరి. దారిప్రక్క చూచుటకేమియు లేదన్నవానికి త్వరగా పోవుటకు బండి నిచ్చుట! రోగ మొకటి, మందొకటి.

స్టార్‌ఫీల్డ్ ముగింపునుగూర్చి యొక్కమాట. కథాంతమున నొక ద్వారము గుండ వేఱొక విశ్వములోనికి బోవచ్చును. బోయినచో నేర్చిన విద్యలు మిగులును. ఓడ, ఇల్లు, ఆస్తి, స్నేహితులు, వివాహమాడినచో భార్య లేక భర్త, అందఱును వెనుకటి విశ్వములో నిలిచిపోదురు. క్రొత్త విశ్వములో అదే ముఖములు మిమ్మెఱుగని చూపు చూచును. ఇది గంభీరమైన తత్త్వమని కొందఱు మెచ్చుకొందురు. గంభీరమే కావచ్చును. కాని విశ్వము పిదప విశ్వమును దాటుకొనుచు పోవువాడు ఎవ్వరికిని ఋణపడడు. చేసిన మేలునకు సాక్షి లేడు, కీడునకు ఉత్తరవాది లేడు. మఠమునకు చేపల సంచి మోసినవాడు క్రిందికి దిగివచ్చి, ఆ పల్లెలోనివానితో చేర్చితినని చెప్పును. ఆ చెప్పుట కొఱకైనను తిరిగి రావలెను. నా మనస్సు వానితోనే యున్నది.

పిల్లలు ఆటలాడుట కాలము పాడుచేసికొనుటయే యని తలంచు తలిదండ్రులకు నేను చెప్పగలిగిన దిది. ఎన్ని గంటలు ఆడెనని అడుగుట మంచిదే, అడుగుడు. అడిగిన పిదప, ఈ దినము ఎక్కడికి పోయితివి, త్రోవలో నేమి చూచితివి యనియు అడిగి చూడుడు. స్కైరిమ్ ఆడినవాడు అన్నము చల్లారువఱకు చెప్పును. రెండవ యాట ఆడినవాడు గోపురము సంగతి, కోరా సంగతి చెప్పి, ఆ పిదప తన ఓడ యెంత పెద్దదో చెప్పును.

ఇక మన సంగతి. కాశీమజిలీల వంటి సొత్తు ఇంటనుండగా తెలుగు దేశమునుండి ఇట్టి యాట నొకదానిని కోరుట అత్యాశ కాదు. హైదరాబాదులో కంప్యూటరు విద్యలో ఆఱితేఱినవారికి కొఱత లేదు. వేయి గ్రహములు వలదు, ఆఱు కిలోమీటర్లు చాలును. ధవళేశ్వరమునుండి వేమగిరిమీదుగా కడియమువఱకు గల త్రోవను తీసికొనుడు. 1852లో ముగిసిన కాటను దొర ఆనకట్ట యొకప్పుడుండిన చోటు, దాని స్థానమున 1982 నాటికి పూర్తియైన బ్యారేజి, కాటను పేరిట నెలకొన్న ప్రదర్శనశాల, పడవలు నడచిన కాలువలు, నర్సరీలు. వరదనాటి రాత్రి గట్టుమీద నడుచు పాత్ర యొకటి, వానిని నిలిపి ఏదో యడుగు పాత్ర మఱియొకటి. ఈ వేసవి సెలవులలో తొమ్మిదవ తరగతివారు ఈ త్రోవకు పటము గీచి, ఎచ్చటెచ్చట నిలువవలెనో తాతలను అవ్వలను అడిగి గుర్తువేసికొని రావలెనని నా కోరిక. స్కేలు కిలోమీటరునకు ఐదు సెంటీమీటర్లు. పెన్సిలుతో గీయుడు, తుడిచి దిద్దుటకు వీలుగ నుండును.